బేరం తెగని పాటలపెట్టె

మా మనవరాలు కుట్టుమిషను మూత తీసి నూనె వేసినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేస్తాను. ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే గద్వాల బజారులో మహబూబ్ సాహెబు దుకాణం కళ్ల ముందుకు వస్తుంది. గడియారాలు, టార్చిలైట్లు, గ్రామఫోన్లు అమ్మే దుకాణం అది. లోపల ఎప్పుడూ ఇదే వాసన. దుకాణం గుర్తుకొస్తే, దాని గడప ముందు కొంగు నడుముకు చుట్టుకొని, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడిన తిప్పమ్మత్త గుర్తుకొస్తుంది. ఆమె గుర్తుకొస్తే ఇక నాకు కాసేపు ఏ పనీ సాగదు. "ఏమైంది నానమ్మా?" అని మనవరాలు అడుగుతుంది. తిప్పమ్మత్త ఎవరో దానికి తెలియదు. చూపిద్దామంటే ఫోటో కూడా లేదు. ఆ కాలంలో మా వీధిలో ఫోటో దిగినవాళ్లు ఎవరున్నారు గనక. అందుకే ఇది రాస్తున్నాను.

నేను వనపర్తి పిల్లను. పెళ్లయి గద్వాలలో నేతవాళ్ల వీధికి కాపురానికి వచ్చేసరికి ఎక్కడో దూరదేశాల్లో పెద్ద యుద్ధం మొదలైంది. తిప్పమ్మత్త మా ఆయనకు స్వయానా మేనత్త. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక్కతే ఉండేది. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటి పంచన చేరకుండా తానే మగ్గం గుంటలోకి దిగి కూర్చున్న మనిషి. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడంలో ఆమె చేతికి మంచి పేరుంది. కానీ ఊళ్లో అంతకంటే పెద్ద పేరు ఆమె బేరానికి. గాజులు కొనాలన్నా, బిందె కొనాలన్నా మా వీధి ఆడవాళ్లు ఆమెను వెంటబెట్టుకొని వెళ్లేవారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని లోకమంతా ఏడుస్తుంటే ఆ సామెత ఆమె ముందు మాత్రం తల వంచుకొని పోయేది. దుకాణాలవాళ్లు ఆమెను దూరం నుంచి చూసి నిట్టూర్చేవారు, దగ్గరికొచ్చాక నవ్వుతూ పీట వేసేవారు. ఆమె బేరం చూడటానికి నలుగురు పోగయ్యేవారు మరి. పోగైనవాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనకుండా పోయేవారు కాదు.

మా ఆయన చీరల మూట భుజాన వేసుకొని ఇటిక్యాల వైపు ఊళ్లు తిరిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. దారిలో పాముల భయం. ఒక టార్చిలైటు కొనాలని అనుకున్నాం. అప్పట్లో అదొక వింత. మీట నొక్కితే వెలుగు వచ్చే వస్తువు ఊరికి కొత్తగా వచ్చింది, దాని ధర కూడా కొత్తగానే ఉంది. తిప్పమ్మత్త నన్ను వెంటబెట్టుకొని మహబూబ్ సాహెబు దుకాణానికి తీసుకుపోయింది. సాహెబు పెద్దవాడు. తెల్లటి గడ్డం, చెవి మీద పెన్సిలు, మాటలో తొందర లేని మనిషి. అత్త టార్చిలైటు వైపు కన్నెత్తి చూడలేదు. గోడకున్న గడియారం ధర అడిగింది. దాని గంట బాగాలేదంది. ఇంకో గడియారం అడిగింది. వెళ్లిపోతున్నట్టు వెనక్కి తిరిగి, అప్పుడే కంటబడ్డట్టు టార్చిలైటును రెండు వేళ్లతో, పుచ్చు వంకాయను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"గింత పొట్టిగున్నది. దీని వెలుగు ఎద్దు తోక దాకనన్న పోతదా సాహెబూ?" అంది.

అది విలాయతి సరుకని సాహెబు చెప్పాడు. అక్కడ యుద్ధం జరుగుతోందట గదా, అంత దూరం నుంచి ఉప్పునీళ్ల మీద నాని వచ్చిన సరుకు ఎన్నాళ్లుంటుందని అత్త అడిగింది. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. సాహెబు కొంత తగ్గాడు. అత్త కొంత ఎక్కింది. రెండుసార్లు మెట్లు దిగింది, రెండుసార్లూ సాహెబు వెనక్కి పిలిచాడు. మొదట చెప్పిన ధరకూ చివరికి తెగిన ధరకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. అయిపోయిందనుకొని నేను పైసలు తీయబోతే అత్త నా చెయ్యి పట్టుకొని ఆపింది. బేరం తెగాక కొసరు అడగాలట. కూరగాయలకు కొసరుంటుంది గానీ టార్చిలైటుకు కొసరేమిటని నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం ఒక చిన్న బల్బు కొసరుగా తీసుకొనే కదిలింది.

దారిలో చెబుతుందనుకున్న పాఠం అక్కడే, దుకాణం మెట్ల మీదే నా చెవిలో చెప్పింది. "మనసు దేని మీదున్నదో కండ్లకు తెల్వనియ్యొద్దు పిల్లా. కండ్లు చెప్పినంక నోరెంత ఒర్లినా లాభం లేదు."

ఆ మాట చెప్పి ఆమె మెట్లు దిగలేదు. మళ్లీ లోపలికి తిరిగి, మూలన బల్ల మీదున్న గ్రామఫోను ఎంతకిస్తావని అడిగింది. పాటలపెట్టె అనేవాళ్లం దాన్ని. సాహెబు ఒక్క క్షణం ఆమెను చూసి, పెట్టె మూత తెరిచాడు. పక్కనున్న పిడి తిప్పి, నల్లటి రికార్డు ఒకటి పెట్టి, సూది ఆనించాడు. ఏదో నాటకంలోని పద్యం. వెనక హార్మోనియం. దుకాణంలో అంతసేపు గలగలమన్న అత్త ఆ పద్యం నడిచినంతసేపూ నోరు విప్పలేదు. అయిపోయాక ఒక ధర అడిగింది. ఆ ధరకు పెట్టె కాదు కదా, దాని మూత కూడా రాదు. సాహెబు "నహీ తల్లీ" అన్నాడు. ఆమె సరేనని వచ్చేసింది. ఈసారి సాహెబు వెనక్కి పిలవలేదు, ఆమె కూడా పిలుపు కోసం చూడలేదు.

ఆ తరువాత ఆమెతో చాలాసార్లు బజారుకు వెళ్లాను. ఏ పని మీద వెళ్లినా చివరికి ఆ దుకాణం దగ్గర ఆగేది. అదే పెట్టె, అదే రికార్డు, అదే మూత ధర, అదే "నహీ". యుద్ధం వల్ల గ్రామఫోను సూదులు దొరకడం కష్టమైంది. సాహెబు కొనేవాళ్లకు తప్ప ఎవరికీ పెట్టె మోగించేవాడు కాదు. పిల్లలు వెళ్లి బతిమాలినా తరిమేసేవాడు. ఆమెకు మాత్రం మోగించేవాడు. వీధిలో ఆడవాళ్లు నవ్వుకునేవారు, తిప్పమ్మకు బేరం పిచ్చి ముదిరిందని. నేనూ నవ్వాను. కానీ ఒకసారి పద్యం మధ్యలో, పాడేవాడు రాగం తీసి ఆపినచోట, రికార్డులోనే వెనకనుంచి ఎవరో "భళా" అన్నప్పుడు అత్త పెదవులు కదలడం చూశాను. ఆ ఒక్కచోటే కదిలాయి. తరువాతి వారం కూడా అక్కడే కదిలాయి.

ఇంటికొచ్చాక, ఆమె రాట్నం దగ్గర కూర్చుని నూలు చుడుతుంటే అడిగాను. రాట్నం ఆపకుండానే చెప్పింది. ఆమె పెళ్లయి అత్తవారింటికి వచ్చేనాటికి తల్లి లేని పసి మరిది ఉన్నాడు, చెన్నయ్య అని. ఆమే ఎత్తుకొని పెంచింది. వాడికి మగ్గం మీద మనసు నిలవలేదు, హార్మోనియం మీద నిలిచింది. నాటకాల కంపెనీతో ఊళ్లు పట్టి పోయాడు. మద్రాసులో రికార్డు తీస్తే వాయించాడని కబురు వచ్చింది. ఆ తరువాత బళ్లారిలో గత్తర, అదే కలరా, తగిలి పోయాడని కంపెనీవాళ్లెవరో వచ్చి చెప్పిపోయారు. మనిషిని చివరిచూపు చూసింది లేదు. కొన్నేళ్లకు ఒకనాడు బజారులో నడుస్తుంటే సాహెబు దుకాణంలోంచి ఈ పద్యం వినబడిందట.

"గా భళా అన్నోడు మా చెన్నడు," అంది. "తెగిన పోగు అతికినా గట్లనే అనేటోడు. గా ఒక్క మాటల ఉన్నడు పిల్లా వాడు. ఇంకేడ లేడు."

సాహెబును అడిగితే మోగించడా, ఇంత బేరం ఎందుకని అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఉత్తగ అడిగితె బిచ్చమైతది. బేరం జేస్తె యాపారమైతది. నా పోరని గొంతును బిచ్చమడుక్కుంటనా?"

ఇక్కడ మా బజారు కట్టుబాటు ఒకటి చెప్పాలి. దుకాణదారు ఎంతైనా చెప్పవచ్చు, కొనేవాళ్లు ఎంత తక్కువైనా అడగవచ్చు. కానీ అడిగిన ధరకు అతను సరే అన్నాడంటే తీసుకోవలసిందే. వెనక్కి తగ్గినవాళ్ల మాటకు మళ్లీ ఆ బజారులో విలువ ఉండదు. అందుకే అత్త ఎవరూ ఒప్పుకోలేని ధర అడిగేది. సాహెబుకు చెన్నయ్య సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఆ బేరం తెగకూడదన్న సంగతి మాత్రం బాగా తెలుసు. ఇద్దరూ ఏళ్ల తరబడి, ఒక్కసారైనా మొహాన నవ్వు రానీయకుండా ఆ బేరం నడిపారు. అంత మర్యాదైన బేరం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

సాహెబుకు కళ్లలో పొరలు వచ్చాయి. చూపించుకోవడానికి హైదరాబాదు దవాఖానకు పోతూ దుకాణం అల్లుడికి అప్పగించాడు. అల్లుడు పట్నంలో పెరిగినవాడు, మంచివాడు. అతని మంచితనమే కొంప ముంచింది. ఈ అమ్మ ఎన్నో ఏళ్లుగా పాటలపెట్టె అడిగి అడిగి ఉత్త చేతులతో పోతోందని పక్క దుకాణంవాళ్లు అతనికి చెప్పారు. ఆ రోజు అత్త ఎప్పటిలాగే వెళ్లి, పద్యం విని, మూత ధర అడిగింది. నేను కొంగు సర్దుకొని బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాను.

"సరె అమ్మా," అన్నాడు అల్లుడు. "రేడియోలొస్తున్నయి, ఇగ గివి ఎవరు కొంటరు. నువ్వడిగిన ధరకే తీస్కపో."

చుట్టూ ఉన్నవాళ్లు తిప్పమ్మ గెలిచిందని సంబరపడ్డారు. నేను ఆమె మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు. ఎంత తక్కువ ధరైనా ఆమెకు అది అందే ధర కాదు. తీసుకోనంటే మాట పోతుంది, మాట పోతే ఆ గడప మళ్లీ తొక్కడానికి ఉండదు, చెన్నయ్య గొంతు మళ్లీ వినడానికి ఉండదు. మింగలేక, కక్కలేక నిలబడి, చివరికి సంతరోజు వరకు ఆగమని, పైసలు తెస్తానని చెప్పి వచ్చేసింది. దారిలో నేను నచ్చజెప్పబోయాను. అతను పట్నంవాడు, మన కట్టుబాట్లు పట్టించుకోడు, వద్దని చెప్పేద్దామన్నాను. మాట పోయిన మనిషిని వెంటబెట్టుకొని రేపు మీరు బిందె ఎట్లా కొంటారని అడిగింది.

ఊరందరికీ పట్టు అంచుల చీరలు నేసిన ఆమె ఒంటి మీద ఏనాడూ అలాంటి చీర లేదు. తనకోసం సొంత నూలుతో, సొంత పట్టుతో, తీరిక దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఒక చీర నేసి పెట్టెలో దాచుకుంది. వంగపండు రంగు చీర, జొన్నకంకుల అంచు. ఆ చీర తీసుకొని సావుకారు దగ్గరికి వెళ్లింది. ఆ రోజు ఆమె చేసిన బేరం చూసి సావుకారే చేతులెత్తి దండం పెట్టాడు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. ఒక్కసారి కట్టుకొని చూడు అత్తా అని ముందురోజు బతిమాలాను. కట్టుకుంటే మడత పోతుంది, ధర తగ్గుతుందని కట్టుకోలేదు.

సంతరోజు ఇద్దరం దుకాణానికి వెళ్లాం. అత్త పైసలిచ్చింది. అల్లుడు పెట్టెకు గోనెపట్టా చుట్టడం మొదలుపెట్టి, ముందుగా మీదున్న రికార్డు తీసి వెనక అరలో పెట్టాడు. రికార్డుల ధర వేరట. ఏళ్ల తరబడి అత్త పెట్టె ధరే అడిగింది, రికార్డు మాట ఒక్కసారీ ఎత్తలేదు. కొనే ఉద్దేశమే లేని బేరంలో అది ఎవరికి తోస్తుంది? చేతిలో ఇక చిల్లర కూడా లేదు. అత్త ఆ అర వైపు చూస్తూ ఉండిపోయింది. ఊరికంతటికీ కళ్లు దాచుకోవడం నేర్పిన మనిషి కళ్లలో ఆ క్షణం చదువు రానివాడు కూడా చదవగలిగినంత స్పష్టంగా ఆమె మనసు కనిపించింది. అల్లుడు గనక తలెత్తి ఆ కళ్లు చూస్తే అంతే.

నేను ఆమెకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. అప్పటిదాకా నేను జన్మలో బేరం చేసి ఎరగను. గోడ మీది గడియారం వైపు చూస్తూ, దాని ధర ఎంతని అడిగాను. ఎక్కువంటూ మూతి తిప్పాను. తరువాత, వెళ్లబోతూ గుర్తొచ్చినట్టు అన్నాను. "అన్నా, గింత పెద్ద బేరమైంది, కొసరేది? గా గీతలు పడ్డ పలకనన్న పెట్టె మీద పారెయ్యి. ఇంటికి పోయినంక మోగుతదో లేదో ఎట్ల తెలుస్తది?"

అల్లుడు రికార్డు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. నిజంగానే గీతలు పడి ఉంది. ఎన్నిసార్లు మోగిందో పాపం. నవ్వి పెట్టె మీద పెట్టాడు. వీధి మలుపు తిరిగాం. అప్పుడు అత్త అంది, "గడియారం దిక్కు జూసినవ్ గద. మంచిగ జూసినవ్." నా జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పు మాత్రం వేరు.

సాహెబు హైదరాబాదు నుంచి వచ్చాడు గానీ చూపు తిరిగి రాలేదు. జరిగింది విని అల్లుణ్ని బాగా కోప్పడ్డాడట. తానేం తప్పు చేశాడో పాపం ఆ అల్లుడికి అర్థం కాలేదట. కొన్నాళ్లకు ఒక సాయంత్రం సాహెబు కర్ర పట్టుకొని, అల్లుడి భుజం మీద చెయ్యి వేసుకొని మా వీధికి వచ్చాడు. అత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. దుకాణంలో సరుకు లేదు, పాటలపెట్టె ఒకటి కావాలి, అమ్ముతావా తల్లీ అని అడిగాడు. నేను తెల్లబోయాను. అత్త తెల్లబోలేదు. లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి, పిడి తిప్పి, పద్యం మోగించింది. పద్యమంతా విన్నాక ఆమె ఆకాశమంత ధర చెప్పింది. సాహెబు గడ్డం నిమురుకొని, "నహీ తల్లీ, చాలా ఎక్కువ" అన్నాడు. మళ్లీ వారం వచ్చాడు. ఆ తరువాతి వారమూ వచ్చాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

యుద్ధం ముగిసిన మరుసటేడు అత్తకు ఆయాసం పట్టుకుంది. మగ్గం గుంటలోకి దిగలేకపోయింది. మంచాన పడ్డాక ఒకరోజు, పాటలపెట్టె నువ్వు కొనుక్కో అని నాతో అంది. కొనడమేమిటి అత్తా, నీ దగ్గరే ఉండనీ అంటే ఒప్పుకోలేదు. ఉత్తగా ఇస్తే బిచ్చమవుతుందన్న పాత మాటే అంది. ఎంతకు తీసుకుంటావో చెప్పమంది. నాకు ఎక్కడలేని దుఃఖం వచ్చింది గానీ నవ్వుతూనే, రెండు జొన్నరొట్టెలు, ఇంత పుంటికూర ఇస్తానన్నాను. ఆమె ఛీ కొట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంత పిసినారి కోడలు లేదంది. ఆ రోజు ఆమె మొహంలో కొంచెం కళ వచ్చింది. మరునాడు వెళ్లి పెట్టెకు వంక పెట్టాను. మూత కీచుమంటోందన్నాను. ఆమె తన ధర చెప్పింది, నేను నా రొట్టెల మీదే నిలబడ్డాను. రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని, రోజూ బేరం చేసేవాళ్లం. ఈ బేరం సాగినన్నాళ్లు ఆమె ఉంటుందని నాకు నేనే ఒక లెక్క వేసుకున్నాను. ఒక్క రొట్టె కూడా పెంచలేదు. ఆమె కూడా పెంచమని గట్టిగా అడిగేది కాదు.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి దిండుకు ఆనుకొని కూర్చుని ఉంది. నేను ఎప్పటిలాగే, రెండు రొట్టెలకు మించి రాదత్తా అన్నాను.

"సరె," అంది.

నాకు అర్థం కానట్టు నటించాను. నేనింకా సరిగా అడగలేదని, రేపు వచ్చి మళ్లీ మాట్లాడుకుందామని అన్నాను.

"మాటంటె మాటే పిల్లా. నీ ధరకే ఇస్తున్న. పో, రొట్టెలు తే."

ఇంటికి వచ్చి పిండి కలిపాను. పొయ్యి ముందు కూర్చుంటే పెనం కనిపించలేదు, కళ్లు అంతగా నిండిపోయాయి. రొట్టెలు, పుంటికూర పట్టుకొని వెళ్లాను. ఒక ముక్క తుంచి, కూర అద్దుకొని, నెమ్మదిగా నమిలింది. ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. ఆ మూడునాలుగు రోజుల్లోనే పోయింది.

ఆమె పోయి ఇన్నేళ్లయింది. మా ఆయన మూట మోసిన వ్యాపారమే తరువాత దుకాణమైంది, నేనూ గద్దె మీద కూర్చున్నాను. కొనేవాళ్లు గంటలు గంటలు బేరం చేసి, చీరలన్నీ విప్పించి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోతే మా పిల్లలు విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఎవరు దేనికోసం వచ్చారో మనకేం తెలుసు, కూర్చోనీ అంటాను. వద్దన్నా మంచినీళ్లు ఇస్తాను. నాకు భయమేసేది ఇంకొకటుంది. ఒక్కోసారి ఎవరో ఒకామె వస్తుంది, చీర చేతిలోకి తీసుకుంటుంది, ధర చెప్పగానే మారుమాట లేకుండా సరే అంటుంది. మంచి బేరమని పిల్లలు సంతోషిస్తారు. నాకు మాత్రం మంచం మీంచి అత్త అన్న ఆఖరి "సరె" వినబడుతుంది. వద్దమ్మా, ఇంకొంచెం అడుగు అని ఆమె చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది.